ఎవరు ఎవర్ని తీసుకెళ్ళారు?

"మీ ఆయన యూరప్ తీసుకెళ్ళాడటగా! అదృష్టవంతురాలివి."

2025 జూన్‌లో మూడు వారాల పాటు డెన్మార్క్, స్వీడన్, నార్వేలలో రైళ్ళ మీద తిరిగి వచ్చాక నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. చుట్టాలు అన్నారు, పక్కింటివాళ్ళు అన్నారు, సమాజశాస్త్రం బోధించే సహోద్యోగులూ అన్నారు. ఖర్చులో సగం నా జీతం. వీసా కాగితాలు కూర్చి పెట్టింది నేను. అయినా ఆ వాక్యంలో కర్త ఆయనే. మన మాటల్లో మగవాళ్ళు వెళ్తారు, ఆడవాళ్ళని తీసుకెళ్తారు. పుట్టింటికి తీసుకెళ్తారు, కాన్పుకి తీసుకెళ్తారు, తిరుపతికి తీసుకెళ్తారు. "నువ్వు ఆయన్ని యూరప్ తీసుకెళ్ళావా?" అని ఒక్కరూ అడగలేదు.

ఇది వ్యాకరణానికి సంబంధించిన గొడవ అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కుని రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అని 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలో ఉంది. స్త్రీల పట్ల వివక్షని నిర్మూలించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 13వ అధికరణం వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కుని ప్రత్యేకంగా పేర్కొంది. ఆ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ఇన్ని కాగితాలు ఉండగా ఒక స్త్రీ నాలుగు ఊళ్ళు చూసి రావడం ఇప్పటికీ భర్త దయగానో, పిల్లల ప్రేమగానో, దేవుడి పిలుపుగానో మాత్రమే ఎందుకు అర్థమవుతోంది? హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం కూడా తిండి, కూలి, హింస దగ్గర ఆగిపోయి, తీరికని ఎవరో కలిగినవాళ్ళ విషయంగా పక్కన పెట్టేస్తున్నాం. ఆ పక్కన పెట్టడం ఎవరికి లాభమో ఆలోచించాలి.

మా రెండో రోజునే, కోపెన్‌హేగన్ నుంచి సముద్రం మీది వంతెన దాటి స్వీడన్ వైపు వెళ్ళాక ఎక్కిన రైల్లో ఒక చిన్న సంగతి జరిగింది. యూరప్ బయటివాళ్ళకిచ్చే రైలు పాసు ఎవరి పేరు మీద వాళ్ళకే ఉంటుంది. ఒకరిది ఇంకొకరు వాడకూడదు. కానీ అలవాటు ప్రకారం ఇద్దరి పాసులూ మా ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. మన రైళ్ళలో టీసీ వస్తే ఆడవాళ్ళు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, మగవాళ్ళు "ఇద్దరం" అంటారు కదా. ఈయన కూడా ఫోన్ చూపించి ఇద్దరం అన్నాడు. ఆ టీసీ ఒక యాభై ఏళ్ళ స్త్రీ. ఆయన పాసు చూసి, నా వైపు తిరిగి, "మీరు ఎక్కడిదాకా?" అని నన్ను అడిగింది. ఆమెకి అది రోజూ వెయ్యిసార్లు అడిగే మామూలు ప్రశ్న. నాకు మాత్రం, నలభై దాటిన వయసులో, నా ప్రయాణం గురించి నన్నే అడగడం వింతగా అనిపించింది. తర్వాతి స్టేషన్ వచ్చేలోగా నా పాసు నా ఫోన్‌లోకి మార్చుకున్నాను.

"మేము" అనే మాట వెనక ఎవరి పని ఎంతో కనపడదు. మన ఆదివారం అనుబంధాల్లో వచ్చే దంపతుల యాత్రాకథనాలు తీసి చూడండి. మేము బయలుదేరాం, మేము చూశాం, మేము ఆశ్చర్యపోయాం. పులిహోర పొడీ, ఆవకాయ సీసా, బీపీ మాత్రలూ ఎవరు సర్దారు, హోటలు గది బేసిన్‌లో బట్టలు ఎవరు ఉతికారు, తిరిగి వచ్చేదాకా ఇంట్లో ముసలివాళ్ళకి అన్నం ఎవరు వండిపెట్టేట్టు ఏర్పాటు చేశారు అన్నది ఆ "మేము"లో మునిగిపోతుంది. మా ప్రయాణంలో కూడా రైళ్ళ టైములు, మ్యాపులు ఆయనవి, గిన్నెలు, మందులు నావి. ఇంటి శ్రమవిభజన పాస్‌పోర్టు లేకుండానే సరిహద్దులు దాటుతుంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పనులు చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటి మీద వెచ్చిస్తున్నారు. సెలవులు ఈ లెక్కని తలకిందులు చేయవు.

ఈ దేశాల గుండా ఒక స్త్రీ చేసిన ప్రయాణాల్లో అన్నిటికన్నా పేరున్నది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ది. స్త్రీల హక్కుల మీద 1792లో పుస్తకం రాసిన ఆమె, 1795 వేసవిలో స్వీడన్, నార్వే, డెన్మార్క్ తిరిగింది. రైళ్ళు లేని కాలం. పడవలూ, గుర్రబ్బళ్ళూ. ఆ ఉత్తరాలు 1796లో పుస్తకంగా వచ్చాయి. ప్రకృతి వర్ణన బావుందని సాహిత్య చరిత్రకారులు మెచ్చుకుంటారు. ఆమె అక్కడికి ఎందుకు వెళ్ళిందో అంత గట్టిగా చెప్పరు. గిల్బర్ట్ ఇమ్లే అనే అమెరికన్ వ్యాపారికి వెండి మోసే ఓడ ఒకటి పోయింది. దాని జాడ తీసి అతని డబ్బు రాబట్టడానికి వెళ్ళింది. ఆమె అతనికి పెళ్ళాడిన భార్య కాదు. విప్లవకాలంలో ఫ్రాన్సులో ప్రాణరక్షణ కోసం అతని భార్యగా నమోదైంది. కూతురు పుట్టాక అతను ఆమెకి దూరమయ్యాడు. ఆ పని ముగించుకుని తిరిగి వచ్చేసరికి అతను వేరొకామెతో ఉన్నాడు. ఆమె థేమ్స్ నదిలో దూకింది, ఎవరో కాపాడారు. అంటే హక్కుల గ్రంథం రాసిన స్త్రీ కూడా మగవాడి పని మీద, మగవాడి భార్య అన్న కాగితంతో, జీతం లేకుండా ప్రయాణం చేసింది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఏడాది నిండిన కూతుర్ని స్వీడన్‌లో వదిలి ఆమె నార్వే వెళ్ళింది. ఆ పిల్లని చూసుకుంది మార్గరీట్ అనే పనిమనిషి. ఆమె ఉత్తరాలేవీ పుస్తకంగా రాలేదు. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

స్టాక్‌హోం నుంచి నార్విక్‌కి రాత్రి రైలు పద్ధెనిమిది, పందొమ్మిది గంటలు పడుతుంది. పైకి వెళ్ళేకొద్దీ జూన్ నెలలో రాత్రి ఉండదు. నార్విక్‌లో రాత్రి పదకొండున్నరకి సాయంత్రం నాలుగింటి వెలుగు. నేను ఒక్కదాన్నే రేవు వైపు నడిచాను. కుక్కతో ఒక ముసలామె, సైకిళ్ళ మీద ఇద్దరు ఆడపిల్లలు ఎదురయ్యారు. అరగంట నడిచాక చూసుకుంటే నా కుడిచెయ్యి సంచి పట్టీని ఇంకా బిగించి పట్టుకునే ఉంది. నేను చదువుకున్న హాస్టల్లో సాయంత్రం ఏడుకి గేటు మూసేసేవారు. చీకటి పడితే ప్రమాదం అని కారణం చెప్పేవారు. చీకటే లేని ఊళ్ళో కూడా నా చెయ్యి సంచిని వదల్లేదంటే ఆ గేటు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. మనకి భయం నేర్పింది సూర్యుడు అస్తమించడం వల్ల కాదు. ఆడది బయట ఉంటే ఏం జరిగినా తప్పు ఆమెదే అనే తీర్పు ముందే రాసిపెట్టి ఉండడం వల్ల.

ఇక్కడే చాలామంది తొందరపడి ఒక మాట అంటారు. "వాళ్ళ సంస్కృతి అలాంటిది. మన సంస్కృతి వేరు." మెచ్చుకోలుగా అన్నా, ఈసడింపుగా అన్నా ఈ మాట అబద్ధం. ఆ స్వేచ్ఛ వాళ్ళ మంచుతోపాటు ఆకాశం నుంచి రాలేదు. ఒక్కొక్క దానికీ తారీకు ఉంది. స్వీడన్‌లో భార్య మీద భర్త చేసే అత్యాచారం 1965లో నేరమయింది. భార్యాభర్తల ఆదాయాల మీద విడివిడిగా పన్ను వేయడం 1971లో మొదలయింది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వర్తించే శిశుసంరక్షణ సెలవు 1974లో వచ్చింది. ఇష్టపూర్వక అంగీకారం లేని సంభోగం అత్యాచారమే అనే చట్టం 2018లో వచ్చింది. డెన్మార్క్‌లో అలాంటి చట్టం 2021లో అమల్లోకి వచ్చింది. వీటిలో ప్రతి ఒక్కదానికోసం స్త్రీలు సంఘాలు పెట్టారు, పార్టీల్లో పోట్లాడారు, వీధుల్లోకి వచ్చారు. మన దగ్గర 2023లో పాత శిక్షాస్మృతిని తీసేసి కొత్త న్యాయ సంహిత రాసుకున్నప్పుడు కూడా 63వ సెక్షన్‌లో భర్తకి ఇచ్చిన మినహాయింపు అలాగే ఉంచారు. భార్యకి పద్ధెనిమిదేళ్ళు నిండితే చాలు, ఆమె ఒప్పుకున్నదా లేదా అని చట్టం అడగదు. దీన్ని సంస్కృతి అనడం ఎందుకు? ఇది శాసనసభల నిర్ణయం. నిర్ణయం కాబట్టి మార్చవచ్చు.

అలాగని ఆ దేశాల్ని స్వర్గం చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. స్వీడన్ రాత్రి రైళ్ళలో ఆడవాళ్ళకి మాత్రమే కేటాయించిన పడక గదులు అడిగి తీసుకోవచ్చు. అంత సమానత్వం ఉన్నచోట ఆ గదులు ఎందుకు కావలసివచ్చాయి? యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 28 దేశాల్లో 42 వేల మంది స్త్రీలతో మాట్లాడి 2014లో ఒక నివేదిక ప్రచురించింది. పదిహేనేళ్ళు దాటాక శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పినవారు సగటున 33 శాతం. డెన్మార్క్‌లో 52, ఫిన్లండ్‌లో 47, స్వీడన్‌లో 46 శాతం. అక్కడి స్త్రీలు దాచుకోకుండా చెప్పగలుగుతున్నారు కాబట్టి అంకె పెద్దదయిందని కొందరు వివరిస్తారు. అందులో నిజం ఉండవచ్చు. కానీ దేశంలో సగం మంది దెబ్బ తిన్నామంటుంటే, వీధి సురక్షితమైనంత మాత్రాన ఇల్లు సురక్షితం కాదని మాత్రం తేలుతోంది. మనకి దీనిలో ఒక పాఠం ఉంది. "తోడు" పేరుతో మనకి అప్పగించే మనిషే చాలాసార్లు ప్రమాదం. మన దగ్గర మహిళల పెట్టె అయినా కాపాడుతుందా? 2011 ఫిబ్రవరిలో కేరళలో ఎర్నాకుళం నుంచి షోరనూర్ వెళ్ళే పాసింజరు రైల్లో, ఆ పెట్టెలోనే ఉన్న ఉద్యోగిని మీద దాడి జరిగింది. కదిలే రైలు నుంచి కింద పడ్డ ఆమె మీద అత్యాచారం చేశారు. ఆమె చనిపోయింది. కాపలా లేని, మనుషులు లేని పెట్టె మీద "మహిళలకు మాత్రమే" అని రాస్తే అది భద్రత కాదు. భద్రత అంటే జనం, దీపాలు, సిబ్బంది, అడిగితే పలికే పోలీసు.

ఆస్లో నుంచి బెర్గెన్ దాకా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం. 1909లో తెరిచిన ఈ దారిలో సముద్రమట్టానికి 1222 మీటర్ల ఎత్తున ఫిన్సే స్టేషన్ వస్తుంది. జూన్‌లోనూ పట్టాల పక్కన మంచు ఉంది. అందరూ కిటికీల దగ్గర గుమికూడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను చూసిన వింత లోపల ఉంది. ఆ రైల్లో పిల్లల కోసం ఆటగది ఉన్న ఒక బోగీ ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు ఐదారుగురు పిల్లలతో నలుగురు మగవాళ్ళు ఉన్నారు. ఒకతను గుడ్డ మారుస్తున్నాడు, ఇంకొకతను అరటిపండు చిదిమి తినిపిస్తున్నాడు. వాళ్ళని ఎవరూ మెచ్చుకోవడం లేదు, ఎవరూ నవ్వడం లేదు. నార్వేలో 1993లో తండ్రికి మాత్రమే చెందే నాలుగు వారాల సెలవు పెట్టారు. తండ్రి వాడుకోకపోతే అది పోతుంది, తల్లికి బదిలీ కాదు. స్వీడన్ 1995లో ఒక నెల అలాగే కేటాయించింది, ఇప్పుడది 90 రోజులు. మగవాళ్ళ మనసు మారేదాకా ఆగుదాం అని వాళ్ళు కూర్చోలేదు. సెలవు చట్టం మార్చారు, మనసు దాని వెంట నడిచింది. అది కూడా సగమే నడిచింది. స్వీడన్‌లో ఈనాటికీ మొత్తం సెలవు రోజుల్లో తండ్రులు తీసుకునేది మూడో వంతు దగ్గరే ఉంది.

ఈ ఆలోచనలకి తొలిరోజుల్లో రూపం ఇచ్చినవాళ్ళలో ఆల్వా మిర్దాల్ ఒకరు. 1955 నుంచి 1961 దాకా ఆమె ఢిల్లీలో స్వీడన్ రాయబారిగా పనిచేశారు. సమాజశాస్త్రం చదివిన మనవాళ్ళకి ఆమె భర్త గున్నార్ రాసిన ఆసియా గ్రంథం తెలుసు, ఆమె సంగతి అంతగా తెలియదు. స్త్రీ ఉద్యోగం, ఇల్లు రెండూ మోయాల్సి రావడం గురించి వయోలా క్లైన్‌తో కలిసి 1956లోనే ఆమె పుస్తకం ప్రచురించారు. 1982లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. కానీ ఆ దంపతులు 1934లో జనాభా సమస్య మీద రాసిన పుస్తకంలో, "పనికిరానివాళ్ళు" పిల్లల్ని కనకుండా చూడాలనే వాదన కూడా ఉంది. అదే ఏడాది మొదలైన చట్టాల కింద 1970ల నడిమి దాకా స్వీడన్‌లో దాదాపు 63 వేల మందికి సంతాన నిరోధక ఆపరేషన్లు చేశారు. వాళ్ళలో అత్యధికులు స్త్రీలు. పేదవాళ్ళు, "మందబుద్ధులు" అని ముద్ర పడినవాళ్ళు చాలామంది బలవంతానికో, ఒత్తిడికో లొంగి చేయించుకున్నారు. తల్లికి సెలవిచ్చిన రాజ్యమే ఎవరు తల్లి కావచ్చో కూడా తేల్చింది. కుటుంబ నియంత్రణ శిబిరాల్లో వరసగా పడుకోబెట్టిన మన స్త్రీల కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు.

ఇప్పుడు మార్గరీట్ దగ్గరికి వస్తాను. ఉత్తరాది స్త్రీ ఉద్యోగానికీ, ప్రయాణానికీ బయటికి వచ్చినప్పుడు ఆమె ఇంట్లో ఎవరున్నారు? నార్వేలో "ఓ పేర్" అనే పేరుతో ఫిలిప్పీన్స్ వంటి దేశాల యువతుల్ని కుటుంబంలో ఒకరిగా ఉంచుకుంటున్నామంటూ చవకగా ఇంటిపని చేయించుకున్నారు. విమర్శలు పెరిగి ఆ పద్ధతిని 2024లో రద్దు చేశారు. మేము దిగిన హాస్టళ్ళలో గదులు ఊడ్చినవాళ్ళు, ఆఖరి స్టేషన్‌లో రైలు బోగీలు తుడిచినవాళ్ళు ఎక్కువమంది నల్లని, గోధుమరంగు స్త్రీలు. నార్విక్ రైలుదారి సంగతీ అంతే. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చడానికి 1903లో అది తెరిచారు. రెయిన్‌డీర్ మందల్ని మేపుకునే సామీ ఆదివాసుల నేల మీదుగా అది వెళ్తుంది. ఆ భూముల కోసం 1904లోనే కరపత్రం రాసి, 1917లో ట్రాండ్‌హైమ్‌లో మొదటి సామీ మహాసభ జరిపించింది ఎల్సా లౌలా రెన్‌బర్గ్ అనే సామీ స్త్రీ. ఆ సభ మొదలైన ఫిబ్రవరి 6 ఇప్పుడు సామీల జాతీయ దినం. కిటికీలోంచి కనపడే ఏ అందమైన కొండా ఎవరిదీ కానిది కాదు. బైలదిల్లా ఖనిజం విశాఖ రేవుకి చేరే దారి తెలిసినవాళ్ళం మనం, ఈ ముక్క మర్చిపోకూడదు.

మా ఇంట్లో కూడా ఒక మార్గరీట్ ఉంది. మేము మూడు వారాలు లేనప్పుడు మా అత్తగారికి వండి పెట్టింది మా ఇంట్లో పనిచేసే ఆమే. ఆ రోజులకి అదనపు జీతం ఇచ్చాం. కానీ అది ఆమె శ్రమకి ధర, ఆమెకి తీరిక కాదు. ఆమె ప్రయాణం సంగతి చెప్తాను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆమె నెలకోసారి తల్లి దగ్గరికి వెళ్తోంది. అంతకుముందు ఏడాదికోసారి, అదీ మొగుడు చార్జీలిస్తే. ఒక ఆదివారం ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి యాదగిరిగుట్ట వెళ్ళొచ్చింది. ఎవరూ తీసుకెళ్ళలేదు. "పోయొచ్చినం" అంది. ఆ క్రియాపదం వినండి.

దాని మీద మన మధ్యతరగతి చేసిన వెటకారం చూశాం. పనీపాటా లేక తిరుగుతున్నారని, సీట్ల కోసం జుట్లు పట్టుకుంటున్నారని, ఉల్లిపాయలు కొనడానికి కూడా బస్సెక్కుతున్నారని హాస్యాలు. యూరప్ రైళ్ళు ఎంత బావుంటాయో నా దగ్గర కూర్చుని గంటసేపు విన్నవాళ్ళే ఈ హాస్యాలు పంపారు. ఆ రైళ్ళు ప్రజల పన్నులతో నడుస్తాయి. అక్కడ రాయితీ నాగరికత, ఇక్కడ రాయితీ సోమరితనం! ఆటో డ్రైవర్ల బాధ నిజం. వాళ్ళ రాబడి పడిపోయింది, దానికి ప్రభుత్వం పరిహారం చూపాలి. బస్సులు చాలడం లేదన్నదీ నిజం. బస్సులు పెంచమని అడగాలి గాని ఆడవాళ్ళని దిగిపొమ్మనడం ఏమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న "స్త్రీ శక్తి" పేరుతో ఇదే మొదలయినప్పుడు అవే హాస్యాలు మళ్ళీ తిరిగాయి. ఆడది పనికి వెళ్తే సహిస్తారు, గుడికి వెళ్తే సహిస్తారు. ఊరికే వెళ్తే సహించలేరు. ముంబయిలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ప్రచురించిన పుస్తకంలో అడిగింది ఇదే. కారణం చెప్పకుండా బయట ఉండే హక్కు స్త్రీలకి ఎందుకు లేదు?

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద కలలేం కావు. ప్రతి బస్టాండులో, ప్రతి రైల్వే స్టేషన్‌లో తాళం వేయని, నీళ్ళున్న మరుగుదొడ్డి. రాత్రి పదింటి తర్వాత కూడా ఊళ్ళకి బస్సులు. చిన్న స్టేషన్లలో దీపాలు, సిబ్బంది. ఒంటరిగా వచ్చిన స్త్రీకి గది లేదనే లాడ్జి లైసెన్సు మీద చర్య. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలకి వారానికి ఒక రోజు జీతంతో సెలవు, ఏడాదికి కొన్ని రోజుల తీరిక. తండ్రులకి వాడుకోక తప్పని సెలవు. భర్తకిచ్చిన మినహాయింపు రద్దు. వీటిలో ప్రతి ఒక్కదానికీ ఖర్చవుతుంది. అక్కడా అయింది.

జంటగా ప్రయాణం చేయడంలో తప్పేమీ లేదు. పక్కన కూర్చున్న మనిషి స్నేహితుడైతే రైలు ప్రయాణం మరింత బావుంటుంది. కానీ అతను లేకపోతే నేను ఆ రైలెక్కలేని పరిస్థితి ఉంటే, అది స్నేహం కాదు, అనుమతి. "తోడు" అనే మాట మనకి ఇష్టమైనదే. దాన్ని కాపలా నుంచి విడదీసుకుందాం. ముందు ఒంటరిగా వెళ్ళగలిగే హక్కు తెచ్చుకుందాం. ఎవరితో వెళ్ళాలో తర్వాత మనమే చెప్పుకుంటాం.